మన ఖేల్ కూడా నాటకమే

 

ఈసారి గోడ పత్రికకు 'నేను చూసిన నాటకం' అనే అంశం మీద రాయమని తెలుగు సార్ చెప్పారు. మా రూములో చాలామంది, మేం నాటకమే చూడలేదు, ఏం రాయాలె అన్నారు. సినిమా గురించి రాయొచ్చా అని ఇద్దరు అడిగారు. నేను మాత్రం రెండు రకాల నాటకాలు చూశాను. ఒకటి టికెట్ ఉన్నది. ఇంకొకటి టికెట్ లేనిది. రెండోది మీలో సగం మంది చూసే ఉంటారు. కాని దాన్ని నాటకం అనుకొని ఉండరు. అందుకే ఇది రాస్తున్నాను.

ముందు టికెట్ ఉన్నదాని గురించి చెప్తాను. ఎనిమిదో తరగతిలో మమ్మల్ని విహారయాత్రకు హైదరాబాదు తీసుకపోయినారు. చార్మినార్, జూపార్కు చూసినంక ఒక సాయంత్రం సురభి వారి 'మాయాబజార్' నాటకం చూపించారు. పర్దా లేవగానే ద్వారక కనిపించింది. అది గుడ్డ మీద రంగులతో వేసిన ద్వారక. అయినా స్తంభాలు ఒకదాని వెనక ఒకటి దూరం దూరంగా ఉన్నట్టే ఉన్నయి. కొంచెం సేపటికే ఆ పర్దా పైకి పోయి అడవి వచ్చింది. నారదుడు మబ్బు మీద నుంచి దిగిండు. ఘటోత్కచుడు నోరు తెరిస్తే లడ్డూలు వాటంతట అవే ఎగిరి పోయి నోట్లో పడ్డయి. నా పక్కన కూర్చున్న అమ్మాయి భయంతో నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. వాళ్లు మాట్లాడుతూ మాట్లాడుతూ పద్యం ఎత్తుకుంటారు. ఒకాయన హార్మోనియం, ఒకాయన తబలా వాయిస్తారు. నాకు పద్యంలో అన్ని మాటలు అర్థం కాలేదు. కాని ఎవరికి కోపం వచ్చిందో, ఎవరికి దుఃఖం వచ్చిందో రాగంతోనే తెలిసింది.

నాటకం అయినంక సార్ వాళ్లను అడిగి మమ్మల్ని పర్దా వెనక్కి తీసుకపోయినారు. అక్కడ మాయ ఏమీ లేదు. తాళ్లు, గిరకలు, సన్నని తీగలు ఉన్నయి. తాళ్లు లాగేటాయన చేతులు మా బాపు చేతుల లెక్కనే కాయలు కాసి ఉన్నయి. ఇంతకు ముందు స్టేజీ మీద చెలికత్తెగా ఉన్న అక్క ఒక పాపను ఎత్తుకొని పాలసీసా పట్టిస్తున్నది. ముఖం మీద రంగు ఇంకా తుడుచుకోలేదు. ఆ పాప కూడా ఏదో ఒక రోజు స్టేజీ ఎక్కుతుంది అని సార్ అన్నారు.

బస్సులో తిరిగి వచ్చేటప్పుడు సార్ సురభి చరిత్ర చెప్పారు. 1885లో కడప జిల్లాలో సురభి అనే ఊర్లో 'కీచక వధ' నాటకం ఆడినారట. దాంతో వనారస గోవిందరావు గారి సమాజం మొదలైంది. ఊరి పేరే సమాజానికి పేరు అయింది. వాళ్ల పెద్దలు అంతకు ముందు తోలుబొమ్మలాట ఆడేవాళ్లు. బొమ్మలను ఆడించినవాళ్లే తరువాత వేషాలు కట్టినారు. అప్పటి నుంచి కుటుంబమంతా నాటకమే. ఒక ఊరికి పోతే డేరా వేసుకొని చాలా రోజులు అక్కడే ఉండేవాళ్లు. ఒక రాత్రి మాయాబజార్ ఆడితే ఇంకో రాత్రి లవకుశ, ఇంకో రాత్రి బాలనాగమ్మ, ఇంకో రాత్రి పాతాళభైరవి. నాటకం మారుతుంటే ఊరివాళ్లు మళ్లీ మళ్లీ వస్తారు. చూసేవాళ్లు తగ్గినంక డేరా విప్పి ఇంకో ఊరికి పోతారు. ఒకప్పుడు ఇట్ల పదుల కొద్దీ సురభి సమాజాలు తిరిగేవట. సినిమా, టీవీ వచ్చినంక కొన్నే మిగిలినయి. ఆ కొన్నింటిని నిలబెట్టినవాళ్లలో ఒకరైన సురభి నాగేశ్వరరావు గారికి 2013లో పద్మశ్రీ వచ్చింది. ఆయనను బాబ్జీ అంటారు. 2022లో ఆయన చనిపోయారు.

సార్ చెప్పిన ఇంకో మాట నేను నోటుబుక్కులో రాసుకున్నాను. ఆ కాలంలో తెలుగు నాటకాల్లో ఆడవేషాలు మగవాళ్లే వేసేవాళ్లు. స్థానం నరసింహారావు గారు సత్యభామ వేషానికి చాలా పేరు పొందినారు. ఆయనకు 1956లో పద్మశ్రీ కూడా వచ్చింది. కాని సురభి వాళ్లు తమ ఇంటి ఆడవాళ్లను స్టేజీ ఎక్కించినారు. 1932లో వచ్చిన మొదటి తెలుగు మాటల సినిమా 'భక్త ప్రహ్లాద'లో లీలావతిగా చేసిన కమలాబాయి గారు సురభి ఇంటి ఆడబిడ్డనే.

ఇప్పుడు టికెట్ లేని నాటకం గురించి.

గోండు ఇండ్ల పిల్లలకు దండారీ గురించి చెప్పనక్కర లేదు. కాని ఈ హాస్టల్లో కోలాం, నాయక్‌పోడ్, లంబాడా చెల్లెళ్లు కూడా ఉన్నారు కాబట్టి చెప్తాను. దీపావళికి ముందు మా గూడేల్లో వాయిద్యాలను బయటికి తీసి పూజ చేస్తారు. గుమ్మెల, డప్పు, తుడుం, పెప్రె అన్నీ ఉంటయి. పూజ అయినంక మగవాళ్లు జట్టు కట్టి ఇంకో గూడేనికి పోతారు. గుస్సాడిలు నెమలి ఈకల టోపీ పెట్టుకుంటారు. ఒంటికి బూడిద పూసుకుంటారు. భుజానికి తోలు, నడుముకు గజ్జెలు, చేతిలో కర్ర ఉంటయి. కొందరు పిల్లగాండ్లు చీర కట్టి ఆడవేషం వేస్తారు. వాళ్లను పోరిక్ అంటారు. ఊరి పొలిమేర దగ్గర ఆ గూడెం వాళ్లు వాయిద్యాలతో ఎదురొస్తారు. రాం రాం చెప్పుకొని కౌగిలించుకుంటారు. కాళ్లకు నీళ్లు ఇస్తారు. ఎన్ని రోజులు ఉంటే అన్ని రోజులు వచ్చినవాళ్లందరికీ అన్నం పెడతారు. తరువాత ఎప్పుడైనా ఈ గూడెం వాళ్లు ఆ గూడేనికి పోతారు. అప్పుడు వాళ్లు పెడతారు. ఇదే మా టికెట్. దీపావళి అయినంక కోలబోడి చేసి వాయిద్యాలను లోపల పెడతారు. మళ్లీ ఏడాది దాకా తియ్యరు.

బయటివాళ్లకు దండారీ అంటే నెమలి ఈకల టోపీ మాత్రమే తెలుసు. పేపర్లో ఫోటో కూడా అదే వస్తది. కాని రాత్రి పూట డ్యాన్స్ నడుమ ఖేల్ ఉంటది. ఖేల్ అంటే ఆట. చిన్న నాటకం అన్నట్టు. దానికి స్టేజీ ఉండదు, పర్దా ఉండదు. మంట చుట్టూ జనం కూర్చుంటారు. నడుమ ఖాళీ జాగాలో ఇద్దరు ముగ్గురు వేషం వేసి మాట్లాడుతారు. అంతా గోండిలోనే. పుస్తకం లేదు. ఇప్పుడు మన గోండికి గుంజాల లిపి ఉన్నదని అందరికీ తెలిసింది. 2018లో అది కంప్యూటర్లకు వాడే యూనికోడ్‌లో కూడా చేరింది. కాని మా ఖేల్‌లు మాత్రం ఏ లిపిలోనూ రాసి లేవు. చూసి చూసి నేర్చుకోవాలె. అంతే.

మా గూడెంలో అందరికీ ఇష్టమైన ఖేల్ సావుకారు తూకం. మా తాదో, అంటే మా బాపు వాళ్ల నాయన, సావుకారు వేషం వేస్తాడు. అంగీ లోపల ఎండిన సొరకాయ బుర్ర పెట్టుకొని పొట్ట చేసుకుంటాడు. రెండు చేటలు, ఒక కర్ర, తాడు కలిపి తక్కెడ చేస్తారు. రైతు పత్తి తెస్తాడు. సావుకారు చేటలో పోసి తూచి, ఇందులో తేమ ఉన్నది, ఒక కిలో తీసేయ్ అంటాడు. సంచి బరువు ఒక కిలో తీసేయ్ అంటాడు. దుమ్ము ఒక కిలో, పోయిన ఏటి బాకీ రెండు కిలోలు, నాకు లెక్క చెప్పినందుకు ఒక కిలో అంటాడు. తీసి తీసి చివరికి రైతే సావుకారుకు పత్తి బాకీ పడతాడు. రైతు చేతులు కట్టుకొని నిలబడతాడు. అప్పుడు రైతు పెండ్లాం వస్తది. సావుకారును చెయ్యి పట్టి తీసుకొచ్చి తక్కెడలో కూర్చో అంటది. ఈ రుమాలు నీది కాదు, మా పత్తితో నేసింది, తీసేయ్ అంటది. ఈ పొట్ట నీది కాదు, మా జొన్నలు తిని పెరిగింది, తీసేయ్ అని సొరకాయ గుంజి పారేస్తది. చెమట పట్టింది, అది తేమ, తీసేయ్ అంటది. ఇంక చేటలో ఏం మిగిలింది అని జనాన్ని అడుగుతది. ఏం లేదు, ఏం లేదు అని పిల్లలమంతా అరుస్తాం.

ఈ ఖేల్ ఆ రోజుల్లోనే ఎందుకు ఆడతారో పెద్దయినంక నాకు తెలిసింది. దీపావళి రోజుల్లోనే మా చేన్లలో మొదటి పత్తి ఏరుతాం. ఇప్పుడు కూడా పత్తి అమ్మేటప్పుడు తేమ చూస్తారు. 8 శాతం దాటితే ధర కోస్తారు. ఖేల్ చూసిన పిల్లలు తూకం దగ్గర కండ్లు తెరిచి నిలబడతారు. ఒకసారి మా దగ్గర పత్తి కొనే ఒకాయన కూడా ఆ రాత్రి గూడెంలోనే ఉండి ఖేల్ చూసిండట. ఆయన కూడా అందరితో నవ్విండట. ఆ వారం తూకం సరిగ్గా వచ్చింది అని మా అమ్మ ఇప్పటికీ చెప్తది. నాటకం చూస్తే ఏం వస్తది అని ఎవరైనా అడిగితే నేను ఇదే చెప్తాను.

సురభికీ మాకూ చాలా తేడా ఉంది. వాళ్లకు నాటకమే బతుకు. మాకు చేను బతుకు, ఖేల్ ఆ కొన్ని రోజులే. వాళ్ల పర్దాలు మాకు లేవు. మా మంట వాళ్లకు లేదు. కాని ఒక్క విషయం మాత్రం ఇద్దరికీ ఒక్కటే. పిల్లలు దగ్గర ఉండి చూస్తేనే అది పిల్లలకు వస్తది. సురభి పాప పాలసీసా పట్టుకొనే పర్దా వెనక ఉన్నది. మరి మనం ఎక్కడ ఉన్నాం?

ఇది ఎవరి మీదా ఫిర్యాదు కాదు. కాని క్యాలెండర్ చూడండి. 2024లో దసరా సెలవులు అక్టోబరు 14 వరకే. పౌర్ణమి 17న. దీపావళి 31న. అంటే మనం పెట్టె సర్దుకొని హాస్టల్‌కు వచ్చినంకనే అక్కడ వాయిద్యాలు బయటికి వస్తయి. ప్రతి సంవత్సరం దాదాపు ఇంతే. దసరా దశమి నాడు, దీపావళి అమావాస్య నాడు. సెలవులు దశమి చుట్టూ ఉంటయి. దండారీ అమావాస్యకు ముందు ఉంటది. నేను మూడో తరగతి నుంచి హాస్టల్లో ఉన్నాను. మొత్తం దండారీ చూసింది మూడో తరగతి కంటే ముందే. మా తమ్ముడు కూడా బాలుర హాస్టల్లో ఉన్నాడు. వాడు గుమ్మెల పట్టుకొని ఫోటో దిగుతాడు కాని కొట్టరాదు.

పోయిన దీపావళికి ఒక్క రోజు సెలవు ఇస్తే ఇంటికి పోయినాను. ఖేల్ ఎప్పుడు అని తాదోను అడిగినాను. ఈసారి ఖేల్ కాలేదు బిడ్డా అన్నాడు. గుస్సాడిలు కట్టినారు, ఊరికి పోయి వచ్చినారు, అన్నీ అయినయి. ఖేల్ ఒక్కటే కాలేదు. ఎప్పుడూ పెండ్లాం వేషం వేసే మామ కూలికి వేరే ఊరు పోయిండు. చిన్నోళ్లంతా హాస్టళ్లలో ఉన్నారు. ఖేల్ జాగాలో ఎవరో సౌండు బాక్సు పెట్టి పాటలు వేసినారట. "సావుకారు మాటలు నాకు వస్తయి, ఎదురు చెప్పేటోడే లేడు" అన్నాడు తాదో. ఆ సొరకాయ బుర్ర మా ఇంటి చూరులో అట్లనే వేలాడుతున్నది.

గుస్సాడి డ్యాన్స్ పోతదని నాకు అంత భయం లేదు. జైనూర్ మండలం మార్లవాయికి చెందిన కనకరాజు గారు ఎంతోమందికి నేర్పినారు. 2021లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చినారు. 2024 అక్టోబరులో ఆయన చనిపోయినా ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్లు ఉన్నారు. స్కూళ్లలో, మీటింగుల్లో అందరూ డ్యాన్స్ అడుగుతారు. మన వార్షికోత్సవంలో కూడా పెద్దసార్లు వస్తే మనం డ్యాన్స్ చేస్తాం. చప్పట్లు కొడతారు. కాని మన మాట ఎవరూ అడగరు. డ్యాన్స్‌కు భాష రాకపోయినా పర్వాలేదు. ఖేల్‌కు భాష కావాలె. అందుకే ఖేల్ ముందు పోతది అని నాకు అనిపిస్తున్నది.

సంక్రాంతి సెలవుల్లో చేన్ల పత్తి ఏరుకుంట తాదోను సావుకారు మాటలు చెప్పమన్నాను. ఆయన ఒక మాట చెప్తే నేను పెండ్లాం మాట చెప్పినాను. రెండు సాళ్లు అయిపోయే సరికి ఖేల్ అయిపోయింది. నాకు అన్ని మాటలు వచ్చినయని నాకే తెలియదు. చిన్నప్పుడు మంట దగ్గర కూర్చొని విన్నవే. తాదో పత్తి సంచి మీద కూర్చొని చాలాసేపు నవ్విండు. తరువాత మెల్లగా, "ఆడపిల్లవు కదా బిడ్డా" అన్నాడు.

ఈ మాట గురించి నేను చాలా ఆలోచించినాను. గుస్సాడి ఆడవాళ్లు కట్టరు. దండారీతో ఆడవాళ్లు ఊరూరు తిరగరు. అది దేవుని పని, పెద్దల కట్టు. దాన్ని నేను ముట్టుకోను. అక్కలు కూడా అట్ల అనుకోవద్దు. కాని ఖేల్ పూజ కాదు. ఖేల్ నవ్వుల కోసం, బుద్ధి చెప్పడం కోసం. అందులో సావుకారును తక్కెడలో కూర్చోబెట్టేది ఆడమనిషే. ఆ మాటలు మగపిల్లగాడు చీర కట్టి చెప్పొచ్చు అంటే, చీర కట్టుకునే మనిషి ఎందుకు చెప్పొద్దు? తాదోకు సురభి సంగతి చెప్పినాను. వాళ్ల ఇంటి ఆడవాళ్లు స్టేజీ ఎక్కకపోతే ఆ నాటకాలు ఇన్ని ఏండ్లు నడిచేవా అని అడిగినాను. తాదో జవాబు చెప్పలేదు. కాని మర్నాడు చేన్లకు పోయేటప్పుడు, "తేమ అనే మాట దగ్గర ఆగాలె, జనం నవ్వినంకనే తరువాత మాట చెప్పాలె" అని తానే నేర్పిండు.

కాబట్టి వార్డెన్ మేడం గారికి, హెచ్.ఎం. సార్ గారికి నా విన్నపం ఏమనగా, దండారీ రోజుల్లో ఒక శనివారం రాత్రి మన హాస్టల్ గ్రౌండులో ఖేల్ పెట్టించండి. భోజనం అయినంక 7 గంటల నుంచి 9 గంటల వరకు చాలు. ఆదివారం క్లాసులు ఉండవు కాబట్టి చదువుకు నష్టం లేదు. దగ్గరి గూడేల నుంచి ఖేల్ తెలిసిన పెద్దలను నలుగురిని పిలవండి. మైకు వద్దు, స్టేజీ వద్దు. వాళ్లకు మన మెస్సులో అన్నం పెడితే అదే మర్యాద. వాళ్లు ఒక ఖేల్ ఆడితే మేము ఒక ఖేల్ ఆడతాం.

గోండిలో ఆడితే మిగతావాళ్లకు ఎట్ల అర్థమైతది అని అడగొచ్చు. మాయాబజార్ పద్యాలు నాకు అర్థమైనట్టే అర్థమైతది. అయినా ముందు ఒక అమ్మాయి తెలుగులో కథ చెప్తది. కోలాం చెల్లెళ్లు కోలామీలో, లంబాడా అక్కలు వాళ్ల భాషలో తరువాత శనివారాలు ఏదైనా ఆడితే మేము ముందు వరుసలో కూర్చొని చూస్తాం. ఇంటి భాష మాట్లాడితే తెలుగు పాడైతది అని కొందరు అంటారు. ఈ వ్యాసం నేను తెలుగులోనే రాసినాను. మా ఇంట్లో అక్షరం ముక్క చదివిన మొదటి మనిషిని నేనే.

వచ్చే ఏడు నేను పదో తరగతి. అప్పుడు పొద్దున స్టడీ, రాత్రి స్టడీ, ఆదివారం కూడా స్టడీ అని అక్కలు చెప్పినారు. తాదోకు మోకాళ్ల నొప్పులు. అందుకే ఇప్పుడే అడుగుతున్నాను.

రైతు వేషానికి ఒకరు, తక్కెడ పట్టడానికి ఇద్దరు, తెలుగులో కథ చెప్పడానికి ఒకరు కావాలె. గోండి రాకపోయినా తక్కెడ పట్టొచ్చు. ఇష్టం ఉన్నవాళ్లు శుక్రవారం సాయంత్రం ఆటల పీరియడ్‌లో బోరింగు దగ్గరికి రండి. రెండు చేటలు మెస్సు అక్క ఇస్తానన్నది. సొరకాయ బుర్ర నేను ఇంటి నుంచి తెప్పిస్తాను.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని